వయసు మీరిన డీహెచ్‌ను అవుట్‌ఫీల్డ్‌కు పంపాలా? అపోహలు – వాస్తవాలు

ముప్పై అయిదు దాటిన హిట్టర్ బంతిని బాగా బాదుతున్న ప్రతి సీజన్‌లోనూ అమెరికన్ బేస్‌బాల్‌లో ఈ వాదన లేస్తుంది. "ఈయన్ని ఎప్పుడూ డెజిగ్నేటెడ్ హిట్టర్ (డీహెచ్)గానే ఎందుకు ఉంచాలి? లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెడితే ఆ చోటు ఇంకొకరికి దొరుకుతుంది కదా" అంటారు. పంపొచ్చు. అయితే ఎన్ని రోజులు, ఏ మైదానంలో, ఎంత సన్నాహంతో అన్నవాటికి జవాబు ఉన్నప్పుడే పంపాలి.

కొత్తగా చూస్తున్నవారి కోసం రెండు మాటలు. బంతి విసిరే పిచర్‌కు బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు డీహెచ్. మైదానంలో వెనక భాగం అవుట్‌ఫీల్డ్; దాని ఎడమ వైపు లెఫ్ట్ ఫీల్డ్, కుడి వైపు రైట్ ఫీల్డ్, ఈ రెంటినీ కార్నర్‌లు అంటారు. 1973లో అమెరికన్ లీగ్‌లో మొదలైన ఈ పద్ధతి 2022 నుంచి నేషనల్ లీగ్‌లోనూ స్థిరపడింది. దీన్ని ఐపీఎల్ ఇంపాక్ట్ ప్లేయర్‌తో పోల్చకండి. ఇంపాక్ట్ ప్లేయర్ ఫీల్డింగ్ కూడా చేయొచ్చు. డీహెచ్ ఆట మధ్యలో గ్లోవ్ తొడిగి మైదానంలోకి వెళ్తే, ఆ జట్టుకు ఆ రోజుకి డీహెచ్ ఉండడు. ఎవరి స్థానంలో ఆయన ఫీల్డింగ్‌కు వెళ్లాడో, ఆ వరుసలో పిచరే బ్యాటింగ్‌కు రావాలి.

అపోహ: డీహెచ్‌గా ఉంటే ఒళ్లు భద్రం

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. జియాన్‌కార్లో స్టాంటన్ 2024లో న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున ఒక్క గేమ్ కూడా అవుట్‌ఫీల్డ్‌లో ఆడలేదు. అయినా ఆ జూన్‌లో బేస్‌ల (పరుగు కోసం బ్యాటర్ వరుసగా తాకాల్సిన మజిలీలు) మీద పరుగెత్తుతూ తొడ వెనుక కండరం పట్టేసి నెలకు పైగా ఆటకు దూరమయ్యాడు.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనుక కండరం) గాయాలు ఎక్కువగా బేస్‌ల మధ్య పరుగులో వస్తాయి, అందులోనూ ఫస్ట్ బేస్ వైపు పరుగెత్తేటప్పుడు. డీహెచ్ ఆ పరుగును తప్పించుకోలేడు. పైగా ఒక బ్యాటింగ్‌కూ ఇంకో బ్యాటింగ్‌కూ మధ్య అరగంట, నలభై నిమిషాలు కూర్చునే ఉంటాడు. కండరం చల్లబడుతుంది. ఆ చల్లబడిన కాలితోనే ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోవాలి.

కాబట్టి డీహెచ్ రోజుకూ పని ఉండాలి. ప్రతి ఇన్నింగ్స్‌లో మూడు నాలుగు నిమిషాలు సైకిల్ తొక్కాలి. తన వంతుకు ముందు ముగ్గురు బ్యాటర్లు ఉండగానే లేచి కాళ్లు ఊపే వ్యాయామం, లోపలి ప్రాక్టీస్ కేజ్‌లో పది పన్నెండు స్వింగ్‌లు, డగౌట్ వెనక సొరంగం దారిలో పూర్తి వేగంలో ముప్పావు వంతుతో రెండు చిన్న పరుగులు. ఇది మానేసినవాడు అవుట్‌ఫీల్డ్‌కు వెళ్లకపోయినా గాయపడతాడు.

అపోహ: ఫీల్డింగ్ చేస్తే బ్యాటింగ్ దానంతటదే బాగుపడుతుంది

ఇందులో కొంత నిజం ఉంది. చాలామంది హిట్టర్లు డీహెచ్‌గా ఉన్న రోజుల్లో తమ మామూలు స్థాయి కంటే కాస్త తక్కువగా కొడతారని విశ్లేషకులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. కానీ ఒక మెలిక ఉంది. మోకాలు నొప్పిగా ఉన్న రోజునే కదా మేనేజర్ ఆటగాణ్ని డీహెచ్‌గా పెట్టేది! ఆ తగ్గుదలలో కొంత కూర్చోవడం వల్ల, కొంత నొప్పి వల్ల.

అలవాటుపడినవారికి ఆ నష్టం కనిపించదు. ఎడ్గర్ మార్టినెజ్, డేవిడ్ ఓర్టిజ్ ప్రధానంగా డీహెచ్‌లుగానే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. జేడీ మార్టినెజ్ 2018లో బోస్టన్ తరఫున అటు అవుట్‌ఫీల్డర్‌గా, ఇటు డీహెచ్‌గా ఒకే ఏడాది రెండు సిల్వర్ స్లగ్గర్ (ఒక్కో స్థానంలో ఉత్తమ బ్యాటర్) అవార్డులు అందుకున్న మాట నిజమే. కానీ అప్పటికి అతనికి 31 ఏళ్లే. ఆ ఉదాహరణను 36 ఏళ్లవాడికి అతికించడం సరికాదు.

అపోహ: లెఫ్ట్ ఫీల్డ్‌లో ఎవరినైనా దాచేయొచ్చు

ఏ ఊళ్లో? బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో లెఫ్ట్ ఫీల్డ్ గోడ, మైదానం అంచు గీత దగ్గర, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి 310 అడుగుల దూరంలోనే ఉంటుంది, ఎత్తు 37 అడుగులు. వెనక్కి పరుగెత్తే పని తక్కువ. గోడకు తగిలి తిరిగొచ్చే బంతి ఎటు పడుతుందో నేర్చుకోవాలి. డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో అదే గీత దగ్గర దూరం 347 అడుగులు. అక్కడ వేగం తగ్గిన మనిషిని నిలబెడితే సింగిల్ (ఒక బేస్ చేర్చే హిట్) డబుల్ (రెండు బేస్‌లు) అవుతుంది, డబుల్ ట్రిపుల్ (మూడు) అవుతుంది. టొరంటో, టెక్సస్, అరిజోనా, మయామీల్లో కృత్రిమ గడ్డి. మోకాళ్లు, మడమలు అరిగినవాడికి ఆ నేల మీద తొమ్మిది ఇన్నింగ్స్ ఇవ్వకపోవడమే మంచిది.

రైట్ ఫీల్డ్‌కు మరో పరీక్ష ఉంది: దూరంగా ఉండే థర్డ్ బేస్‌కు విసరగలగాలి. అందుకే చేయి బలహీనపడినవారిని సాధారణంగా లెఫ్ట్‌కు మారుస్తారు.

పని భారాన్ని కూడా జనం తక్కువగా అంచనా వేస్తారు. కార్నర్ అవుట్‌ఫీల్డర్ గేమ్‌కు సగటున రెండు క్యాచ్‌లే పడతాడు. కానీ నూట నలభైకి పైగా పిచ్‌లకు (పిచర్ విసిరే బంతులకు), ప్రతి పిచ్‌కూ, మోకాళ్లు వంచి సిద్ధంగా ఉండాలి. డగౌట్ నుంచి తన చోటికి దాదాపు 80 మీటర్లు. తొమ్మిది సార్లు వెళ్లి తొమ్మిది సార్లు రావాలి, అంటే 1,400 మీటర్ల పైమాటే. మర్నాడు పిక్కలు పట్టేసేది క్యాచ్‌ల వల్ల కాదు, వీటివల్లే.

అపోహ: కాలి వేగం తగ్గితే అంతా అయిపోయినట్టే

మేజర్ లీగ్‌లో సగటు స్ప్రింట్ వేగం సెకనుకు 27 అడుగులు. 25.5 అడుగుల వేగంతో పరుగెత్తేవాడు గాల్లో నాలుగు సెకన్లుండే బంతికి ఆరడుగులు వెనకబడతాడు. అందులో సగం మొదటి అడుగులో తిరిగి సంపాదించుకోవచ్చు. లీగ్ కెమెరాలతో ఆటను కొలిచే స్టాట్‌కాస్ట్ లెక్కలు అవుట్‌ఫీల్డర్ కదలికను మొదటి మూడు సెకన్లలో కొలుస్తాయి: మొదటి ఒకటిన్నర సెకనులో స్పందన, తర్వాతి ఒకటిన్నరలో వేగం అందుకోవడం, వాటితోపాటు ఎంచుకున్న దారి సూటిదనం. స్పందన, దారి సాధనతో మెరుగవుతాయి.

వయసు మీరినవారు ఎక్కువగా తప్పేది తల మీదుగా సూటిగా వచ్చే లైన్ డ్రైవ్ దగ్గర. ముందుకు ఒక అడుగు వేసేశారంటే ఇక అందదు. 2011 వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ఆరో గేమ్‌లో సెయింట్ లూయిస్ బ్యాటర్ డేవిడ్ ఫ్రీజ్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లో టెక్సస్ ఆటగాడు నెల్సన్ క్రూజ్‌ను దాటిపోయి ట్రిపుల్ అయింది. ఇంకొక్క స్ట్రైక్ పడితే టెక్సస్‌దే టైటిల్. తర్వాతి ఏళ్లలో డీహెచ్‌గా మారిన క్రూజ్ 43 ఏళ్ల వరకు ఆడి 464 హోమ్‌రన్‌లతో ముగించాడు. సరైన చోట ఉంచితే ఒక బ్యాట్ ఎంతకాలం నిలుస్తుందో చూడండి.

అందుకే నెమ్మదించిన ఫీల్డర్‌ను మామూలు కంటే అయిదు నుంచి ఎనిమిది అడుగులు లోతుగా నిలబెట్టాలి. ముందు పడే సింగిల్‌ను వదులుకుని, వెనక పడే డబుల్‌ను ఆపడమే లక్ష్యం.

అపోహ: ఫీల్డింగ్‌లో పోయే పరుగులే అసలు నష్టం

లెక్క వేసి చూద్దాం. ఆటగాడి విలువను కొలిచే ప్రసిద్ధ వార్ (WAR) పద్ధతిలో, పూర్తి సీజన్‌కు డీహెచ్‌కు 17.5 పరుగులు కోత పెడితే, కార్నర్ అవుట్‌ఫీల్డర్‌కు 7.5 మాత్రమే. తేడా 10 పరుగులు, అంటే సుమారు ఒక గెలుపు. సగటు అవుట్‌ఫీల్డర్ కంటే 10 పరుగులకు మించి నష్టపరచనివాడైతే కాగితం మీద లాభమే.

ఉదాహరణకు మన హిట్టర్ అంతకంటే నాసి, 150 గేమ్‌లకు 15 పరుగులు నష్టం అనుకుందాం. 30 గేమ్‌లే ఆడిస్తే పోయేది 3 పరుగులు. అదే మనిషి బ్యాటింగ్‌లో 150 గేమ్‌లకు సగటు కంటే 30 పరుగులు ఎక్కువ తెచ్చేవాడై, గాయంతో 40 గేమ్‌లు దూరమైతే పోయేది 8 పరుగులు. వదిలేసిన క్యాచ్ టీవీలో పదిసార్లు కనిపిస్తుంది. అసలు ఖర్చు గాయానిది.

మరి ఎప్పుడు పంపాలి? డీహెచ్ చోటు అవసరమైన ఇంకో మంచి బ్యాట్ నిజంగా ఉన్నప్పుడు. 2025లో యాంకీస్ స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ మోచేతి గాయంతో విసరలేకపోయాడు. అతన్ని డీహెచ్‌గా ఉంచి, 35 ఏళ్ల స్టాంటన్‌ను ఆగస్టులో రైట్ ఫీల్డ్‌కు పంపారు. 2023 తర్వాత స్టాంటన్ అవుట్‌ఫీల్డ్‌లో ఆడటం అదే మొదలు. అది సరైన నిర్ణయమని మా అభిప్రాయం. బెంచీ మీద సగటు బ్యాటర్ మాత్రమే ఉన్నప్పుడు ఇదే పని చేయడం వృథా సాహసం.

అపోహ: ఒకప్పుడు అవుట్‌ఫీల్డరే కదా, రేపే దించొచ్చు

కాలి కంటే ముందు చేయి మొరాయిస్తుంది. నెలల తరబడి విసరని భుజానికి కనీసం మూడు నాలుగు వారాలు కావాలి. 60 అడుగులతో మొదలుపెట్టి 90, 120, 150, 180కి పెంచాలి. ఒక్కో దూరంలో 25 త్రోలు, పది నిమిషాల విరామం, మళ్లీ 25. రోజు విడిచి రోజు. ఒక దూరం రెండుసార్లు నొప్పి లేకుండా పూర్తయ్యాకే తర్వాతిది. ఆటలో కటాఫ్ మనిషికి (మధ్యలో బంతి అందుకుని ముందుకు విసిరేవాడు) అందిస్తే చాలు, హోమ్ ప్లేట్‌కు నేరుగా విసిరే హడావుడి వద్దు.

దానితోపాటు రోజూ బ్యాటింగ్ ప్రాక్టీస్‌లో పదిహేను నిమిషాలు నిజమైన బంతుల్ని బ్యాట్ నుంచే చదవాలి. కోచ్ పైకి కొట్టే ఫంగో బంతులు అందుకు సరిపోవు.

ఆ తర్వాత వారానికి ఒక గేమ్, మూడో వారం నుంచి రెండు. రాత్రి గేమ్ మర్నాటి పగటి గేమ్‌కు వద్దు. ఆధిక్యంలో ఉంటే ఏడో ఇన్నింగ్స్‌లో మార్చేయాలి. మర్నాడు పొద్దున తొడ వెనుక బిగువు రెండు కాళ్లలో సమానంగా ఉందో లేదో చూడాలి. ఒక్క కాలిలోనే ఉంటే ఆ వారం గ్లోవ్ పక్కన పెట్టించాలి, ఆటగాడు బాగానే ఉందన్నా సరే.