1905 పాఠాలు, 1928 పుస్తకం: కాలం నుంచి ‘నేను’ దాకా

“నిన్న సాయంత్రం మా ఇంటికి వస్తానని చెప్పిన మావయ్య రాలేదు.” ఈ వాక్యంలో అసలు సంగతి చిట్టచివరి ‘లేదు’లో ఉంది. అది చెవిన పడేసరికి ‘నిన్న’ అన్న మాట గాల్లో కలిసిపోయింది. అయినా దాన్ని గుర్తుతెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. పోయిన మాట పోతూనే మన దగ్గర ఉంది. అదెలా?

ప్రశ్న పాతదే. క్రీ.శ. 400 ప్రాంతంలో క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ అనే తన పుస్తకం పదకొండో భాగంలో దీంతో కుస్తీ పట్టాడు. కీర్తన పాడుతుంటే పాడినంత మేరా జ్ఞాపకంలోకి, పాడాల్సింది ఎదురుచూపులోకి సాగుతుందన్నాడు. 1890లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ వర్తమానాన్ని కత్తి అంచుతో కాకుండా గుర్రపు జీనుతో పోల్చాడు: దానికి కాస్త వెడల్పుంది, అక్కడ కూర్చుని కాలాన్ని రెండు వైపులా చూస్తాం.

ఈ ప్రశ్నను మళ్ళీ ఎత్తుకున్న జర్మన్ తత్వవేత్త ఎడ్మండ్ హుస్సెర్ల్ గణితంలో డాక్టరేట్ తీసుకున్నవాడు. 1884–86లో వియన్నాలో తత్వవేత్త ఫ్రాంజ్ బ్రెంటానో పాఠాలు విని తత్వశాస్త్రం వైపు మళ్ళాడు. పాటలో అయిపోయిన స్వరాన్ని ఊహ మళ్ళీ అందిస్తుందని గురువు మాట. శిష్యుడికది నచ్చలేదు. ఊహలోని స్వరం కూడా ఇప్పుడే ఉంటుంది కదా, అది ‘ఇందాకటిది’ ఎలా అవుతుంది?

1904–05 చలికాలంలో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన పాఠాల చివరి భాగంలో ఆయన తన జవాబు వినిపించాడు. వర్తమానం ఒక చుక్క కాదు. ఇప్పుడు తగులుతున్న స్వరం, జారిపోతున్న స్వరాన్ని ఇంకా వదలని పట్టు, రాబోయేదాని కోసం చాచిన చెయ్యి – మూడూ కలిస్తేనే ‘ఇప్పుడు’. ఆ పట్టుకు తర్వాత స్థిరపడిన పేరు రిటెన్షన్, ముందుకు చాచినదానికి ప్రొటెన్షన్. రిటెన్షన్ జ్ఞాపకం కాదు. నిన్నటి పాటను తలుచుకోవడం వేరు, ఇప్పుడు వింటున్న పాటలో కిందటి స్వరం ఇంకా వదలకపోవడం వేరు.

ఇక్కడిదాకా ఇది పాటల సంగతి. ‘నేను’ ఎక్కడ వచ్చింది? పాట వింటున్నప్పుడు, వింటున్నానని కూడా నాకు తెలుసు. ఆ తెలియడం కోసం వినికిడిని చూసే ఇంకో చూపు కావాలంటే, ఆ చూపును చూడటానికి మూడోది, దానికి నాలుగోది కావాలి. దీనికి అంతే ఉండదు. హుస్సెర్ల్ దీన్ని కాలంతోనే విప్పాడు. కిందటి స్వరాన్ని పట్టుకుని ఉన్న చైతన్యం, ఆ స్వరాన్ని విన్న తన కిందటి క్షణాన్నీ పట్టుకునే ఉంది. అంటే ప్రవాహం పాటను చూపిస్తూనే తనకు తాను కనిపిస్తోంది. బయటి నుంచి చూసేవాడు అక్కర్లేదు. ఇంత చెప్పి, వీటన్నిటికీ మనకు పేర్లు లేవని ఒప్పుకున్నాడు. ప్రవాహం అన్న మాట కూడా పోలికేనన్నాడు.

కాలం గురించిన ఈ ఆలోచనలన్నీ 1928లో ఒక పుస్తకంగా వచ్చాయి. నా దృష్టిలో ఆ మొత్తం పుస్తకంలో గొప్ప పేజీలివే. తమాషా ఏమిటంటే, ఇవి 1905 పాఠాల్లో లేవు. ఫ్రైబర్గ్‌లో ఆయనకు సహాయకురాలిగా ఉన్న ఎడిత్ స్టైన్ 1917లో షార్ట్‌హ్యాండ్ కాగితాల కట్టలు ముందేసుకుంది. వేర్వేరు ఏళ్ళ రాతల్ని ఏరి, కుట్టి, భాగాలుగా విడదీసింది. 1928లో అది అచ్చయింది, సంపాదకుడిగా తత్వవేత్త మార్టిన్ హైడెగర్ పేరుతో. అంతకు ఏడాది ముందే ఆయన ‘బీయింగ్ అండ్ టైమ్’ వచ్చింది. ఆయన చిన్న ముందుమాటలో స్టైన్ చేసిందంతా శీర్షికలు, అధ్యాయాల విభజన స్థాయికి కుంచించుకుపోయింది. యూదు కుటుంబంలో పుట్టి తర్వాత కాథలిక్ సన్యాసినిగా మారిన ఆమెను 1942లో నాజీలు ఆష్‌విట్జ్‌లో చంపేశారు.

1966లో ఆ పుస్తకాన్ని మళ్ళీ సంపాదకత్వం చేసిన రుడాల్ఫ్ బోయమ్ అసలు ప్రతుల్ని తవ్వి తీశాకే కుట్లు బయటపడ్డాయి. ప్రవాహం తనకు తాను కనిపించడం గురించిన భాగాలు 1911 చివరికి ముందువి కావని ఆయన తేల్చాడు. అవి ఉన్న పుస్తకం మొదటి భాగం శీర్షికలో మాత్రం 1905 అనే ఉంది.

ఈలోగా ఫ్రెంచివాళ్ళు సగం దారి నడిచేశారు. 1943లో తత్వవేత్త సార్త్ర్ సిగరెట్లు లెక్కపెట్టేవాడి ఉదాహరణ ఇచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగితే తడుముకోకుండా “లెక్కపెడుతున్నా” అంటాడు. అప్పటిదాకా తన మీద ధ్యాసే లేదు, అయినా తెలుసు. 1967లో మరో ఫ్రెంచి తత్వవేత్త డెరిడా ఇదే రిటెన్షన్‌ను పట్టుకుని ఎదురు తిరిగాడు: అయిపోయినదాని ఆసరా లేకుండా ‘ఇప్పుడు’ నిలబడదంటే, చైతన్యం తనకు తాను పూర్తిగా హాజరవడం ఎక్కడిది?

తర్వాత హుస్సెర్ల్‌ను చదివే పండితుల మధ్య గొడవ పొరల గురించి. ప్రవాహం, దానిలో మెదిలే అనుభవాలు, బయటి వస్తువులు అని మూడు వేరు మెట్లున్నాయని జాన్ బ్రో చదివాడు. డాన్ జహావీ 1999లో కాదన్నాడు: వినడం అనేది ముందు జరిగి, దాన్ని కింద నుంచి ప్రవాహం గమనించదు, ప్రవాహం అంటే ఆ వినడం తనకు తెలుస్తూ ఉండటమే. నేను ఇటువైపే మొగ్గుతాను, లేకపోతే మళ్ళీ చూపును చూసే చూపు దగ్గరికే వస్తాం.

1917 సెప్టెంబర్‌లో బ్లాక్ ఫారెస్ట్‌లోని బెర్నావ్‌కు వెళ్ళిన స్టైన్ ఆ పాత కాగితాలు హుస్సెర్ల్ ముందు పెట్టింది. ఆయన వాటిని సరిదిద్దడం మానేసి కొత్తవి రాయడం మొదలుపెట్టాడు. ఆ బెర్నావ్ రాతలు అచ్చయ్యేసరికి 2001 వచ్చింది.