గ్యాస్ మాత్ర తగ్గించేది గ్యాస్‌ను కాదు

మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, "అన్నా, గ్యాస్ మాత్ర ఒకటివ్వు" అన్న మాట వినబడుతుంది. షాపతను తీసిచ్చేది చాలాసార్లు పాంటాప్రజోలో ఒమెప్రజోలో అయి ఉంటుంది. అవి జీర్ణాశయంలో ఊరే ఆమ్లాన్ని తగ్గిస్తాయి. గుండెల్లో మంటకు, పుల్లత్రేన్పులకు మంచి మందులే. కానీ పొట్ట డోలులా బిగుసుకుపోయి, ఎక్కడో గాలి ఇరుక్కుని పొడుస్తుంటే వాటివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

ఆ గాలిలో కొంత మనం మింగిందే. ఫోన్ చూస్తూ గబగబా తిన్నా, చూయింగ్ గమ్ నమిలినా గాలి లోపలికి పోతుంది. అందులో చాలా భాగం త్రేన్పుల్లో బయటికొచ్చేస్తుంది. పొట్టలోని మిగతా గ్యాస్ పెద్దపేగులో పుడుతుంది. శనగలు, అలసందలు, రాజ్మాలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అరగకుండా పెద్దపేగుకు చేరిన వాటిని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా వదులుతుంది. పాలు పడనివాళ్లలో పాలలోని చక్కెర లాక్టోజ్‌ది, ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లనే చక్కెర గొలుసులదీ ఇదే కథ. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా, 10 నుంచి 20 సార్లు గ్యాస్ వదలడం మామూలే. నలుగురిలో ఉన్నామని బిగబట్టుకుంటే బాధ పెరుగుతుంది.

అయితే ఉబ్బరం ఉన్నవాళ్లందరికీ గ్యాస్ ఎక్కువగా తయారవుతుందని కాదు. బార్సిలోనాలో పరిశోధకులు సన్నటి గొట్టంతో చిన్నపేగులోకి నిమిషానికి 12 మిల్లీలీటర్ల చొప్పున 2 గంటలు గ్యాస్ పంపి చూశారు. ఆరోగ్యవంతుల్లో చాలామంది పంపింది పంపినట్టే వదిలేశారు, పెద్దగా ఇబ్బందీ పడలేదు. ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల్లో తేడాలు పదేపదే వచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్లలో చాలామందికి మాత్రం అది లోపలే ఆగిపోయింది, లేదా ఆ కాస్త గ్యాస్‌కే బాధ మొదలైంది. ఉబ్బరం వచ్చిన సమయంలో కొందరికి స్కానింగ్ చేస్తే, లోపల గ్యాస్ పెరిగింది కొంచెమే. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రం, కిందికి దిగి, పొట్ట కండరాలు వదులై, పొట్ట ముందుకు వచ్చింది. ఉదయం సరిపోయిన ప్యాంటు సాయంత్రానికి బిగుతయ్యేది ఇందుకే కావచ్చు.

పడుకున్నప్పటికంటే నిటారుగా ఉంటేనే గ్యాస్ త్వరగా కదులుతుందని కూడా ఆ పరిశోధకులే చూపించారు. కాబట్టి భోజనం కాగానే నడుం వాల్చకుండా పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిస్తే మంచిది. అప్పటికే పట్టేసి ఉంటే, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి హత్తుకునే పవనముక్తాసనం చాలామందికి ఊరటనిస్తుంది. గోళీసోడా, ఈనో లాంటివి నిజానికి కడుపులో ఇంకాస్త కార్బన్ డయాక్సైడ్‌ను చేరుస్తాయి. ఓ పెద్ద త్రేన్పు వచ్చి పైన తేలికపడుతుంది, పేగుల్లో ఇరుక్కున్నది అక్కడే ఉంటుంది. గ్యాస్‌కని అమ్మే సిమెథికోన్ అనే మందు చిన్న బుడగల్ని కలిపి పెద్దవి చేస్తుందంతే. ఇక వాము నీళ్లంటారా, తాగండి, నాకూ ఇష్టమే. కాకపోతే వాటిపై మనుషుల్లో జరిగిన గట్టి పరీక్షలు తక్కువ.

పెద్దపేగు ఎడమ పక్కటెముకల కింద మలుపు తిరిగే చోట గ్యాస్ ఆగితే గుండెనొప్పేమో అని టెన్షన్ పడతాం. మన దగ్గర అసలు ప్రమాదం దీనికి ఎదురుది. గుండెపోటునే గ్యాస్ అనుకుని, సోడా తాగి, తెల్లారాక చూద్దాంలే అనుకోవడం. ఛాతీ బరువెక్కి చెమటలు పడుతున్నా, ఆయాసం వస్తున్నా, నొప్పి చేతికో దవడకో పాకుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. బరువు తగ్గడం, మలంలో రక్తం, వాంతులతో పాటు గాలి, మలం రెండూ ఆగిపోవడం, 50 దాటిన ఆడవాళ్లలో కొత్తగా మొదలై వదలని ఉబ్బరం, ఇవి కూడా ఇంటి చిట్కాలతో సరిపెట్టుకునేవి కావు.

పప్పుధాన్యాలు మానేయమని మాత్రం నేననను. శనగల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఉడికిస్తే ఆ చక్కెరల్లో కొంత పోతుంది. మొలకెత్తిస్తే ఇంకా తగ్గుతాయి. అలవాటు లేనివాళ్లు ఒకేసారి గిన్నెడు గుగ్గిళ్లు లాగించకుండా గుప్పెడుతో మొదలుపెట్టి రోజూ తింటుంటే, రెండు మూడు వారాల్లో చాలామందికి గ్యాస్ బాధ తగ్గుముఖం పడుతుంది.