బల్దియాకు వెళ్లే దారి, బల్దియా నుంచి వచ్చే దారి

హైదరాబాద్‌లో నగరపాలక సంస్థను ఇప్పటికీ చాలామంది బల్దియా అనే అంటారు. అక్కడ ఇచ్చే కాగితం దరఖాస్తు. ఈ మాటలు నిజాం కాలం నాటివి. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ హయాంలో, 1869లో నగరానికి మున్సిపాలిటీ వచ్చింది. 1880ల నుంచి దఫ్తరు భాష ఉర్దూ. అది రాయడం రాని తెలుగువాడు మోరీ పొంగుతోందని చెప్పుకోవాలన్నా ముందు రాసిపెట్టే మనిషిని వెతుక్కోవాలి.

1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒక్కటయ్యాయి. వీధి దీపం వెలగకపోతే జనం కార్పొరేటర్ ఇంటికి వెళ్లేవారు. తర్వాత ఆ గడప కూడా లేకుండా పోయింది. 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు 1991లో తీరింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పిన 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. అప్పటికి ఇక్కడ కమిటీ మాట అటుంచి, వార్డుకు ఎన్నికైన మనిషే లేడు. మన వార్డుకు ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది అని నిలబెట్టి అడిగే అలవాటు మనకు సరిగ్గా ఏర్పడకపోవడానికి ఆ పదకొండేళ్లే పెద్ద కారణమని నా నమ్మకం.

2001లో బిల్లులన్నీ ఒకేచోట కట్టే ఈ-సేవ కేంద్రాలు వచ్చాక బిల్లుల క్యూలు తగ్గాయి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు నగర కార్పొరేషన్‌లో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) అయింది. కాప్రా, అల్వాల్ వాళ్లకు అప్పటిదాకా నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మున్సిపల్ ఆఫీసు పోయి, పెద్ద నిర్ణయాలన్నీ ట్యాంక్‌బండ్ దగ్గరి ప్రధాన కార్యాలయానికి చేరాయి. ఆ దూరం తగ్గించడానికే కాల్ సెంటర్, యాప్, జనం ఫిర్యాదులు నేరుగా తీసుకునే సోమవారం ప్రజావాణి.

ప్రజావాణిలో ఒక్కసారి కూర్చుంటే తెలుస్తుంది. ప్లాస్టిక్ ఫైల్ కవరు, లోపల రెండు జిరాక్స్ సెట్లు, మోరీ ఫొటో కలర్ ప్రింటు. ఒక సెట్ లోపలికి పోతుంది, రెండోదాని మీద స్టాంపు పడుతుంది. జనం జాగ్రత్తగా మడిచి దాచుకునేది ఆ స్టాంపు పడ్డ కాగితాన్నే.

తిప్పలు ఇంకా ఉన్నాయి. రోడ్డు ఎవరు తవ్వారో ముందు మనమే కనిపెట్టాలి. 1989 నుంచి నీళ్లు, డ్రైనేజీ జలమండలివి, దాని నంబరు 155313. కరెంటు సంస్థ వేరే. తప్పు చోటికి వెళ్తే 'మా పరిధి కాదు' అంటారు. 2023 జూన్‌లో వార్డు ఆఫీసులు తెచ్చింది ఇందుకే. ఇంజినీరింగ్, శానిటేషన్, టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఒకే కప్పు కింద ఉంటే మనిషి పది చోట్లకు తిరగక్కర్లేదు. మంచి ఆలోచనే.

అయితే ఇవన్నీ మన మాట లోపలికి తీసుకెళ్లే దారులు. లోపలి సంగతి మన దగ్గరికి రావాలంటే గట్టి ఆధారం 2005 సమాచార హక్కు చట్టం. అడగకముందే బడ్జెట్, పనుల వివరాలు బయటపెట్టాలని దాని 4వ సెక్షన్ చెబుతోంది. చట్టం, సెక్షన్ అనే మాటలు చూసి చాలామంది ఆగిపోతారు, ఆగక్కర్లేదు. దరఖాస్తు తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. మీ వీధిలో వేసిన రోడ్డు ఎస్టిమేట్ కాపీతో మొదలుపెట్టండి.