లింటర్ కిమ్మనలేదంటే ఫైలు బాగున్నట్టేనా? ఏపీఐ లింట్ రూల్స్: అపోహలు - వాస్తవాలు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాట్ల ధరలు చెప్పే ఏపీఐ ఒకటి రాస్తున్నామనుకోండి. ఏపీఐ ఎలా ఉండాలో వివరించే దాని ఓపెన్‌ఏపీఐ ఫైలుకు, స్పెక్ట్రల్ అనే లింటర్‌లో (ఫైలులో తప్పులు వెతికే సాధనం) సొంత రూల్స్ రాసేటప్పుడు పట్టుకుని వదలని అపోహలివి.

అపోహ: రూల్ పెట్టాం, ఎర్రర్ రాలేదు. ఫైలు బాగున్నట్టే.

వాస్తవం: ఆ రూల్ అసలు దేన్నీ చూసి ఉండకపోవచ్చు. గివెన్‌లో (రూల్ ఎక్కడ చూడాలో చెప్పే చోటు) రాసిన జేసన్‌పాత్ (ఫైలులోని చోటును చూపే చిరునామా) దేనికీ తగలకపోతే స్పెక్ట్రల్ ఏమీ చెప్పదు. 'పాత్స్' బదులు 'పాత్' అని రాసినా అంతే, అంతా పచ్చగా కనిపిస్తుంది.

పాత్ తగిలినా ఇంకో చిక్కుంది. అక్షరాల తీరు చూసే కేసింగ్, రాత నమూనా చూసే ప్యాటర్న్ ఫంక్షన్లు స్ట్రింగులనే (టెక్స్ట్ విలువలనే) చూస్తాయి. ఆపరేషన్ ఐడీ (ఏపీఐ చేసే ఒక్కో పనికి పెట్టే పేరు) క్యామెల్ కేసులో (getPrice లాగా) ఉండాలని కేసింగ్ పెట్టారు, ఎవరో ఆ ఐడీనే రాయలేదు. రూల్ పాస్! 'ఉండాలి' అనేందుకు ట్రూతీ, 'ఇలా ఉండాలి' అనేందుకు కేసింగ్, రెండూ దెన్ (ఏం తనిఖీ చేయాలో రాసే చోటు) కింద జాబితాగా రాయాలి. వెర్షన్‌ను కోట్స్ లేకుండా 1.0 అని రాసినా ఇదే గొడవ. ఫైలు రాసే ఫార్మాట్ యామల్ దాన్ని నంబరుగా చదువుతుంది, ప్యాటర్న్ దాని జోలికే పోదు. ఇక రెఫ్‌లను (ఇంకోచోట ఉన్న భాగాన్ని చూపే లింకులను) తనిఖీ చేసే రూల్ అయితే దాని రిజాల్వ్డ్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయాలి. లేకుంటే రూల్ నడిచేసరికే రెఫ్‌లన్నీ విప్పేసి ఉంటాయి.

అందుకే ఒక్కో రూల్‌కు రెండు చిన్న ఫైళ్లు ఉంచండి: ఒకటి సరైనది, ఇంకోటి కావాలనే చెడగొట్టింది. చెడ్డ ఫైలు మీద అరవని రూల్‌ను రిపోలోకి (కోడ్ ఉంచే చోటుకి) రానివ్వకండి.

అపోహ: జేసన్‌పాత్‌లో రెండు చుక్కలు పెడితే ఫైలంతా వెతుకుతుంది, అదే సులువు.

వాస్తవం: వెతుకుతుంది, అక్కర్లేనిచోట కూడా. డిస్క్రిప్షన్ కనీసం 20 అక్షరాలుండాలని లెంగ్త్ ఫంక్షన్ పెట్టారు. లాట్ స్కీమాలో (లాట్ డేటా రూపాన్ని వివరించే భాగంలో) పత్తి రకం రాసుకునే ఫీల్డు పేరూ డిస్క్రిప్షనే. అక్కడున్నది వాక్యం కాదు, ఆబ్జెక్టు. లెంగ్త్ అప్పుడు అక్షరాలను కాదు, దానిలోని కీలను (పేర్లను) లెక్కపెడుతుంది. టైప్, ఎగ్జాంపుల్ రెండే ఉన్నాయి కాబట్టి తప్పుడు ఎర్రర్. పాత్స్ కింద వరసగా రెండు స్టార్‌లు (ఏదైనా సరే అనే గుర్తులు) పెట్టినా ఇంతే: గెట్, పోస్ట్‌లతో పాటు పారామీటర్స్, సర్వర్స్ కూడా వలలో పడతాయి. మెథడ్ల పేర్లు విడివిడిగా రాయడమే మేలు.

అపోహ: రూల్ తప్పితే బిల్డ్ దానంతటదే ఆగుతుంది.

వాస్తవం: సెవెరిటీ (తప్పు తీవ్రత) రాయకపోతే అది వార్న్, అంటే హెచ్చరిక మాత్రమే. కమాండ్ ఫెయిలయ్యేది ఎర్రర్‌కు మాత్రమే, ఫెయిల్ సెవెరిటీ ఆప్షన్ మారిస్తే తప్ప. అలాగని పాత ఏపీఐ మీద మొదటిరోజే అన్నీ ఎర్రర్లు చేస్తే టీమే లింటర్‌ను పీకేస్తుంది. పాత పాత్‌ల వరకు ఓవర్‌రైడ్స్‌లో (మినహాయింపులు రాసే చోట) జేసన్ పాయింటర్ (స్లాష్‌లతో రాసే ఇంకో రకం చిరునామా) ఇచ్చి రూల్‌ను ఆఫ్ చేయండి. పాత్‌లోని స్లాష్‌ను అక్కడ ~1 అని రాయాలి, చాలామంది తడబడేది ఇక్కడే.

అపోహ: సొంత రూల్ అంటే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ రాయాల్సిందే.

వాస్తవం: చాలావాటికి అక్కర్లేదు. రెండు వేర్వేరు చోట్ల ఉన్న విలువలను పోల్చాల్సి వస్తే అప్పుడు రాయండి.

అపోహ: లింట్ పాసైతే ఏపీఐ సరైనదే.

వాస్తవం: ధర క్వింటాలుకా, కిలోకా? రూపాయల్లోనా, పైసల్లోనా? డిస్క్రిప్షన్ ఉందో లేదో లింటర్ చూస్తుంది, అందులో రాసింది నిజమో కాదో దానికి తెలియదు. సర్వర్ నిజంగా ఏం పంపుతోందో అది చూడనే చూడదు. దానికి కాంట్రాక్ట్ టెస్టులు వేరే రాసుకోవాలి.