పెళ్లి వీడియోలో పెట్టగానే ఫొటో రంగు ఎందుకు మారుతుంది? అపోహలు - వాస్తవాలు

హైలైట్ వీడియోల్లో ఎడిట్ చేసిన ఫొటోలు వాడటం ఇప్పుడు మామూలైపోయింది. ఫొటోలు ఒకరు దిద్దుతారు, వీడియో ఇంకొకరు కట్ చేస్తారు. హార్డ్ డిస్క్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే చోటే రంగు దెబ్బతింటుంది. నేను పెళ్లి వీడియోలకు గ్రేడింగ్ (రంగులు, వెలుగు సరిదిద్దే పని) చేస్తుంటాను. ఈ పనిలో తరచూ వినపడే మాటలివి.

అపోహ: ఫొటోషాప్‌లో బాగుందంటే టైమ్‌లైన్‌లోనూ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు పేర్చే చోట) బాగుంటుంది.

ఫొటోషాప్ ఫైల్లోని ఐసీసీ ప్రొఫైల్ (ఆ ఫైల్లోని అంకెలు ఏ రంగులో చెప్పే సమాచారం) చదువుతుంది, మీ మానిటర్‌కి తగ్గట్టు లెక్కగట్టి రంగు చూపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నీ ఆ పని చేయవు. చేసేవైనా సెట్టింగ్‌ని బట్టే చేస్తాయి. చాలాసార్లు ప్రొఫైల్‌ని వదిలేసి, అంకెలు మాత్రం తీసుకుని, హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణమైన రెక్ 709 లెక్కన చూపిస్తాయి.

పెళ్లికూతురి నుదుటి కుంకుమ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్, మామూలు స్క్రీన్లు వాడే రంగుల పరిధి) నిండు ఎరుపు అనుకుందాం: 255, 0, 0. ఇవి వరుసగా ఎరుపు, పచ్చ, నీలం పాళ్లు. అదే ఎరుపుకి, అంతకన్నా పెద్ద పరిధి ఉన్న అడోబీ ఆర్‌జీబీలో అంకెలు 219, 0, 0. ఫొటోషాప్‌లో రెండు ఫైళ్లూ ఒకేలా కనిపిస్తాయి. ప్రొఫైల్ చదవని టైమ్‌లైన్‌లో మాత్రం 219 అంటే 219 గానే పడుతుంది, కుంకుమ మసకబారుతుంది. పచ్చ సంగతి ఇంకా ఘోరం. ఎస్‌ఆర్‌జీబీలో 0, 255, 0 అయిన పచ్చ అడోబీ ఆర్‌జీబీలో 144, 255, 60. నిజం చీరల్లో అంత చిక్కని పచ్చ ఉండదు గానీ, మార్పు జరిగేది అటువైపే. చిలకపచ్చ పట్టుచీర పసుపు కలిసి వెలిసినట్టు కనిపిస్తుంది. లైట్‌రూమ్ నుంచి ఇంకా పెద్ద పరిధి ఉన్న ప్రోఫొటో ఆర్‌జీబీలో వచ్చిన ఫైలైతే దాని గామా (అంకెని వెలుగుగా మార్చే లెక్క) 1.8 కాబట్టి రంగు పాలిపోవడంతో పాటు మొహం కూడా నల్లబడుతుంది.

అపోహ: పాలిపోతే ఏముంది, శాచురేషన్ (రంగుల చిక్కదనం) పెంచితే సరి.

సరికాదు. ఒక్కో రంగు ఒక్కో మేరకు తగ్గింది, మీరేమో అన్నిటినీ ఒకే మేరకు పెంచుతున్నారు. చీర దారికొచ్చేలోపే చర్మం నారింజ రంగులోకి వెళ్లిపోతుంది.

అపోహ: అసైన్ ప్రొఫైల్ చేసినా, కన్వర్ట్ టు ప్రొఫైల్ చేసినా ఒకటే.

అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారుతుంది. కన్వర్ట్ చేస్తే రంగు నిలబడి అంకెలు మారతాయి. వీడియోకి ఇచ్చే కాపీకి కావలసింది రెండోదే: కన్వర్ట్ చేసి ఎస్‌ఆర్‌జీబీలోకి. కొత్త రంగుల పరిధిలో పట్టని రంగులు ఎలాగూ కొంత తగ్గుతాయి. ఆ తగ్గడాన్ని ఫొటో దిద్దినవారే తమ కంటితో చూసి ఒప్పుకోవాలి, అందుకే ఈ పని టైమ్‌లైన్‌కి వెళ్లకముందే జరగాలని నేను పట్టుబడతాను. ఫైల్ 16 బిట్‌లో (ఒక్కో రంగుకి ఎక్కువ మెట్లు ఉండే రకం) ఉండగానే కన్వర్ట్ చేసి ఆ తర్వాత 8 బిట్‌కి దించండి, లేకపోతే సాయంత్రపు ఆకాశంలో చారలు పడే ప్రమాదం ఉంది. మాస్టర్ (అసలు) ఫైల్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

అపోహ: ఎస్‌ఆర్‌జీబీ, రెక్ 709 రెండూ ఒకటే.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండిటికీ ఎరుపు, పచ్చ, నీలం మూలరంగులు ఒకటే. తెలుపు కూడా ఒకటే, డీ65 అనే పగటి వెలుగు తెలుపు. తేడా అంతా కర్వ్‌లో (ఏ అంకెకి ఎంత వెలుగో చెప్పే గీత) ఉంది. ఎస్‌ఆర్‌జీబీ కర్వ్ సుమారు 2.2 గామాకి దగ్గరగా ఉంటుంది. వీడియో గ్రేడింగ్ మానిటర్‌ని సాధారణంగా 2.4 కి పెడతారు.

మధ్య టోన్లలో ఈ తేడా పెద్దగా తెలియదు, నీడల్లో తెలుస్తుంది. 8 బిట్‌లో 40 అనే అంకె ఎస్‌ఆర్‌జీబీ కర్వ్ ప్రకారం సుమారు 2.1 శాతం వెలుగు, 2.4 గామాలో సుమారు 1.2 శాతమే. అంటే దాదాపు సగానికి పడిపోయింది. ఫొటోలో పాయపాయగా కనిపించిన జడ వీడియోలో ఒకే నల్లటి ముద్దలా కనపడేది ఇందుకే. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఉంటే, ఫొటో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌పుట్ కలర్ స్పేస్‌ని ఎస్‌ఆర్‌జీబీ అని చెప్పండి. ఈ తేడాని అదే సర్దుతుంది. ఆ వీలు లేకపోతే ఫొటోల నీడల్ని కాస్త పైకెత్తాలి, అది కూడా ఫొటోల మీద మాత్రమే.

అపోహ: టైమ్‌లైన్ మొత్తానికి ఒకే లట్ (రంగుల్ని మార్చే పట్టిక ఫైల్) వేస్తే ఫొటోలూ వీడియోలూ కలిసిపోతాయి.

సోనీ కెమెరాల ఎస్-లాగ్3 నుంచి రెక్ 709 కి మార్చే లట్ లాగ్ ఫుటేజ్ (తర్వాత గ్రేడ్ చేయడానికి కాంట్రాస్ట్ తగ్గించి రికార్డ్ చేసిన వీడియో) కోసం తయారైంది. ఫొటో అప్పటికే పూర్తయిన బొమ్మ. దాని మీద అదే లట్ పడితే నీడలు మూసుకుపోతాయి, మధుపర్కాల తెలుపులో నేత కనపడదు. మార్చే లట్‌ని లాగ్ క్లిప్పుల మీదే ఉంచి, లుక్ కోసం వేసేదాన్ని పైన అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో పెట్టుకోండి. దాన్ని ఫొటోలతో పంచుకోవచ్చు.

ఇంకొన్ని

ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలనేది ప్రింట్ వాళ్ల మాట, వీడియోకి పిక్సెళ్లే లెక్క. 1920×1080 టైమ్‌లైన్‌లో రెండింతలు జూమ్ చేయాలంటే 3840 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో కావాలి. ఆల్బమ్ కోసం సీఎంవైకేలోకి (ప్రింట్ ఇంకుల రంగులు) మార్చిన పేజీల్ని వీడియోకి ఇవ్వకండి, అసలు ఆర్‌జీబీ ఫైళ్లే అడగండి. బంధువులు పంపే ఐఫోన్ ఫొటోల్నీ గమనించండి: 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి అవి ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్ద పరిధి ఉన్న డిస్‌ప్లే పీ3లో ఉంటాయి.

హెచ్‌డీఆర్‌లో (మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగు చూపే రకం) డెలివరీ ఇస్తుంటే ఫొటోని నేరుగా పడేస్తే తెలుపు కళ్లలో పొడుస్తుంది. మామూలు తెలుపుని 203 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దగ్గర ఉంచమని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ సిఫార్సు, ఫొటోలోని తెల్ల పంచె అక్కడికి దగ్గరగా రావాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూడాలంటే ఎరుపు, పచ్చ, పసుపు, చర్మం రంగు, తెలుపు గడులతో ఒక చిన్న ఫైల్ చేసి ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేయండి. టైమ్‌లైన్‌లో వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక ఫ్రేమ్‌ని మళ్లీ ఫొటోషాప్‌లో తెరిచి ఐడ్రాపర్‌తో అంకెలు పోల్చండి. ఒకటి రెండు అంకెల తేడా కంప్రెషన్ వల్ల వస్తుంది. ఎరుపు 255 నుంచి 220 కి దిగితే మాత్రం దారిలో ఎక్కడో ప్రొఫైల్ మార్పిడి తప్పుగా జరిగింది.