తిరిగే రోలర్‌కు పాలిమర్ పూత: పేటెంట్ అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇలా తిప్పుతూ పూత వేయడం ఇంతవరకు ఎవరూ చేయలేదు, కాబట్టి పేటెంట్ ఖాయం.

వాస్తవం: కొత్తదైతే చాలదు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడికి ఇట్టే తట్టేదై ఉండకూడదు. మీర్జాపూర్ లోహపాత్రల కేసు చదివి తీరాలి. లేత్ (వస్తువును తిప్పుతూ చెక్కే యంత్రం)పై తిరిగే పాత్ర ఊడిపోకుండా టెయిల్‌స్టాక్ వైపు, అంటే యంత్రం చివర ఆనించి పట్టే భాగం వైపు, ప్రెజర్ స్పిండిల్ (నొక్కిపట్టే కడ్డీ) పెట్టారు. పని సులువైంది, నిజమే. అయినా అది వర్క్‌షాప్ స్థాయి మెరుగుదలేనని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. పేటెంట్ నిలవలేదు.

అపోహ: ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) రాస్తే క్లెయిమ్ (పేటెంట్‌లో హక్కు కోరే వాక్యం) గట్టిపడుతుంది.

వాస్తవం: రోలర్ వ్యాసం (అడ్డుకొలత) చెప్పని ఆర్‌పీఎంకు అర్థమే లేదు. 30 ఆర్‌పీఎం దగ్గర 200 మి.మీ. వ్యాసమున్న రోలర్ ఉపరితలం నిమిషానికి సుమారు 18.8 మీటర్లు కదులుతుంది, 100 మి.మీ. రోలర్‌ది అందులో సగమే. పాలీయురేథేన్‌ను (పోశాక గట్టిపడే పాలిమర్ రెజిన్) నాజిల్‌తో చుట్టలుగా పోస్తున్నామనుకోండి. పెద్ద రోలర్‌పై చుట్టుకు 5 మి.మీ. జరుపుతూ 6 మి.మీ. మందం కావాలంటే నిమిషానికి 580 మి.లీ. దాకా పడాలి. తగ్గితే పూతపై మరచుట్ల లాంటి గాట్లు మిగులుతాయి. రెజిన్ గట్టిపడటం ఆలస్యమైతే కిందికి జారి కారుతుంది. మరీ త్వరగా గట్టిపడితే పక్కపక్క చుట్లు కలవవు, తర్వాత ఆ గీత వెంబడే పూత లేచిపోతుంది.

అందుకే వ్యాసం, ఉపరితల వేగం, నాజిల్ జరుగుదల, ప్రవాహం, గట్టిపడే సమయం, కోర్ (పూత కింది రోలర్) ఉష్ణోగ్రత అన్నీ స్పెసిఫికేషన్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చే వివరణ పత్రంలో, మొదటి రోజే ఉండాలి. లేకపోతే పేటెంట్ల చట్టం సెక్షన్ 10(4) కింద వివరణ చాలలేదంటారు. తర్వాత కలుపుదామంటే సెక్షన్ 59 ఒప్పుకోదు. పోలిక ప్రయోగాల్లో ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చండి. వేగం, రెజిన్ రెండూ మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో చూపించలేరు.

అపోహ: పాత యంత్రాన్ని కొత్త పనికి వాడితే అది ఆవిష్కరణే.

వాస్తవం: తెలిసిన పద్ధతిని ఊరికే వాడితే సెక్షన్ 3(డి) అడ్డొస్తుంది. దానివల్ల కొత్త ఉత్పత్తి రావాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంట్ (రసాయన చర్యలో పాల్గొనే పదార్థం) ఉండాలి.

అపోహ: పద్ధతి విదేశీ ఫ్యాక్టరీ గోడ దాటలేదు, సరుకు మన మార్కెట్లోకి వచ్చినా ఇబ్బంది లేదు.

వాస్తవం: అదే పద్ధతిలో చేసిన సరుకు ప్రాధాన్య తేదీకి (సాధారణంగా తొలి దరఖాస్తు వేసిన తేదీ) ముందే దేశంలోకి దిగుమతై ఉంటే, ఆ పద్ధతి ఇక్కడ బహిరంగమైనట్టే సెక్షన్ 25 లెక్కిస్తుంది. కేవలం పరీక్ష కోసం తెచ్చినదానికే మినహాయింపు. పేటెంట్‌పై అభ్యంతరం వేసేవారూ ఒకటి గుర్తుంచుకోవాలి: బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం)తో దిగుమతి మాత్రమే రుజువవుతుంది. ఆ రోలర్‌ను ఏ పద్ధతిలో చేశారో చూపే ప్రాసెస్ షీట్ కూడా జతచేయాలి.