గట్టు అవతల ఎవరున్నారు?

'సేంద్రియ పండుకి ఎక్కువ ధర ఇస్తే రైతులంతా మారిపోతారు కదా' అని ఒక పాఠకుడు అడిగాడు. ధర, సబ్సిడీ, కొనేవాళ్ల నమ్మకం, అన్నీ పనిచేస్తాయి, కాదనను. కానీ ఏటా విత్తే పైరయితే ఓ మడిలో వేసి చూసి, కుదరకపోతే వచ్చే ఏడు మానేయొచ్చు. పండ్ల చెట్టు ఏళ్ల తరబడి అక్కడే నిలబడి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో తోటలు సేంద్రియానికి మారే గడువు 3 ఏళ్లు, అప్పటిదాకా సేంద్రియ ముద్ర పడదు.

నాకు ఇంతకన్నా ఆసక్తికరంగా అనిపించేది పక్కవాడి సంగతి. 1943లో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న మీద చేసిన పరిశీలనలో, విత్తనం గురించి చాలామందికి మొదట చెప్పింది సేల్స్‌మన్లే అయినా, నమ్మకం కుదిర్చింది ఇరుగుపొరుగు రైతులని తేలింది. పండ్ల తోటలో అయితే పొరుగు ప్రభావం మాటలతో ఆగదు, ఏకంగా ఎగిరొస్తుంది!

ఆపిల్ కాయని తొలిచే కాడ్లింగ్ మాత్‌నే చూడండి. ఆడపురుగు మగదాన్ని పిలిచే వాసన కాడ్లిమోన్ అని 1971లో రోలోఫ్స్ బృందం తేల్చింది. దాన్ని ఫ్యాక్టరీలో చేసి, చిన్న గొట్టాల్లో నింపి తోటంతా వేలాడదీస్తే, మగపురుగు ఏ వాసన వెంట పోవాలో తెలియక తిరుగుతుంది, జత కుదరదు. వాసన ఎరవేసే లింగాకర్షక బుట్టలా మగపురుగుల్ని పట్టుకోవడం కాదిది, తికమక పెట్టడం. అయితే పక్క తోటలో అప్పటికే జతకట్టిన ఆడపురుగు గట్టు దాటి వస్తే? దానికి ఈ వాసనతో పనే లేదు, గుడ్లు పెట్టేస్తుంది. మందు కొట్టే పొరుగు తోట కన్నా పట్టించుకోకుండా వదిలేసిన తోటే ఇక్కడ పెద్ద శత్రువు.

ఇప్పుడు లెక్క చూద్దాం. చదరంగా ఉన్న 1 హెక్టారుకి 400 మీటర్ల గట్టు. అలాంటివి 100 కలిపి ఒకే చదరం చేస్తే బయటి గట్టు 4 కిలోమీటర్లే, అంటే హెక్టారుకి 40 మీటర్లు. పురుగు వచ్చే దారి పదో వంతుకి పడిపోయింది, ఎవరూ అదనంగా ఏమీ చేయకుండానే. ముందు మారినవాడికి గండం ఎక్కువ, చివర చేరినవాడికి తక్కువ.



మందు కొట్టే పొరుగుతో తంటా వేరు, తుంపర్లు గాలికి ఇటు పడతాయి. అందుకని అంచు వరస కాయల్ని మామూలు సరుకుగానే అమ్ముకోవాల్సి వస్తుంది. చుట్టూ 5 మీటర్లు వదిలితే 1 హెక్టారు తోటలో 19 శాతం పోతుంది, 100 హెక్టార్లలో 2 శాతం కూడా పోదు.